జెట్ ఇంజిన్‌లో ఆయుష్షు కట్టిన భాగాలు: రికార్డు సరిచూసే పద్ధతి

విమాన ఇంజిన్‌లో చాలా భాగాలను పాడైతే మారుస్తారు. కొన్నింటిని మాత్రం ఏ లోపమూ కనిపించకపోయినా, ఒక లెక్క నిండగానే తీసేస్తారు. ఈ రెండో రకాన్ని లైఫ్ లిమిటెడ్ పార్ట్స్ అంటారు. ఇంజిన్లు విప్పి బాగుచేసే షాపుల్లో, ఆఫీసుల్లో అందరి నోటా ఎల్‌ఎల్‌పీ అనే వినిపిస్తుంది కాబట్టి నేనూ అలాగే రాస్తాను.

కాకినాడ, రాజమండ్రి, భీమవరం, అమలాపురం వైపు నుంచి ఏఎంఈ (విమాన మరమ్మతు ఇంజనీరింగ్) కోర్సుల్లో చేరే పిల్లలు, మెకానికల్ డిప్లొమాలు, బీటెక్‌లు చేసి ఇంజిన్ షాపుల్లో ఉద్యోగాలకు ప్రయత్నించేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది స్పానర్ పని గురించే. శంషాబాద్‌లో సఫ్రాన్ సంస్థ లీప్ ఇంజిన్ల మరమ్మతు కేంద్రానికి 2025 నవంబర్‌లో ప్రారంభోత్సవం జరిగాక ఈ ప్రశ్నలు ఇంకా పెరిగాయి. అయితే ఆ షాపుల్లోనూ, విమానయాన సంస్థల ఇంజనీరింగ్ ఆఫీసుల్లోనూ, విమానాలు లీజుకిచ్చే కంపెనీల్లోనూ టెక్నికల్ రికార్డ్స్ అనే విభాగం ఒకటి ఉంటుంది. అక్కడ చేతికి గ్రీజు అంటదు. కానీ ప్రయాణికుల ప్రాణాలు నేరుగా ఆ పని మీద ఆధారపడి ఉంటాయి. ఒక ఇంజిన్ ఎల్‌ఎల్‌పీ ఫైలు మీ టేబుల్ మీదికి వస్తే ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది ఎలా సరిచూడాలో వరసగా చెబుతాను.

ముందుగా: ఏ భాగాలు, ఎందుకు

ఫ్యాన్, కంప్రెసర్, టర్బైన్ బ్లేడ్లు డిస్కుల, అంటే వేగంగా తిరిగే లోహపు చక్రాల, అంచుకు అమరి ఉంటాయి. బ్లేడ్ విరిగితే అది బయటికి పోకుండా కేసింగ్ ఆపాలని నిబంధన ఉంది. ఇంజిన్‌కు అనుమతి ఇచ్చే ముందు, పూర్తి వేగంలో తిరుగుతున్న ఫ్యాన్ బ్లేడ్‌ను కావాలనే తెంచి చూస్తారు. డిస్క్ విషయంలో ఇది కుదరదు. బోయింగ్ 737లకు బిగించే సిఎఫ్ఎమ్56-7బి ఇంజిన్‌లో హై ప్రెషర్ రోటర్ (డిస్కులు, షాఫ్టు కలిసి తిరిగే భాగం) నిమిషానికి 14 వేల చుట్ల ప్రాంతంలో తిరుగుతుంది. ఆ వేగంలో డిస్క్ పగిలితే ముక్కలను ఆపగల కేసింగ్ కట్టి, దాన్ని మోస్తూ విమానాన్ని ఎగరేయడం సాధ్యం కాదు. ఆ ముక్కలు రెక్కనో, ఇంధన ట్యాంకునో, కేబిన్‌నో చీల్చుకుంటూ పోతాయి.

డిస్క్ పగిలాక చేయగలిగేది పెద్దగా లేదు కాబట్టి, అసలు పగలకుండా చూడడమే మార్గం. డిస్కులు, స్పూళ్లు (కొన్ని డిస్కులు ఒకటిగా కలిసిన డ్రమ్ములు), షాఫ్టులు, కొన్ని తిరిగే సీళ్లు ఎల్‌ఎల్‌పీలు అయ్యింది ఇందుకే. సిఎఫ్ఎమ్56-7బిలో ఇవి 18 ఉంటాయి.

ప్రతి టేకాఫ్‌కూ డిస్క్ వేగం పుంజుకుంటుంది, వేడెక్కుతుంది, బ్లేడ్ల లాగుడును భరిస్తుంది. దిగాక చల్లబడి ఆ ఒత్తిడి నుంచి బయటపడుతుంది. ఇలా వేల సార్లు జరిగాక లోహంలో, ముఖ్యంగా బోల్టు రంధ్రాల అంచుల్లోనూ బ్లేడ్ అమరే గాడుల్లోనూ, చిన్న పగులు పుట్టే అవకాశం వస్తుంది. అందుకే దీని ఆయుష్షును ఏళ్లలో కాక సైకిళ్లలో, అంటే ఇలా ఎన్నిసార్లు జరిగిందన్న లెక్కలో, కొలుస్తారు.

"సార్, డిస్కు చూస్తే కొత్తదానిలా మెరిసిపోతోందండి, దీన్నెందుకండి స్క్రాప్ చేయడం?" అని రావులపాలెం నుంచి వచ్చిన ఒక ట్రైనీ కుర్రాడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఎప్పటి నుంచో వాడుతున్న పద్ధతి ప్రకారం, ఒకే రకం డిస్కులు వెయ్యి ఉంటే వాటిలో ఒక్కదానిలో సుమారు 0.75 మిల్లీమీటర్ల పగులు ఏర్పడే అవకాశం ఉన్న చోట గీత గీస్తారు. అంటే గీత దాకా వచ్చిన మిగతా 999 డిస్కులూ దాదాపుగా బాగున్నవే. ఆ ఒక్కటి ఏదో ఎవరికీ తెలియదు కాబట్టి వెయ్యీ తీసేస్తారు. ఖరీదైన పద్ధతే. ఒక ఇంజిన్ ఎల్‌ఎల్‌పీలన్నీ కొత్తవి వేయాలంటే కొన్ని మిలియన్ డాలర్లు అవుతుంది. ఇంకో 200 సైకిళ్లు తిప్పుదామన్న ఒత్తిడి పుట్టేది ఇక్కడే.

చట్టం ఎక్కడుంది

అమెరికాలో విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ వారి 33.70 నిబంధన 2007 నుంచి అమల్లో ఉంది. ఐరోపాలో అలాంటి సంస్థే అయిన ఈఏఎస్ఏ వారి సీఎస్-ఈ 515 అదే పని చేస్తుంది. రెండూ తయారీదారును మూడు ప్లాన్లు అడుగుతాయి: ఆయుష్షు ఎలా లెక్కకట్టారో చెప్పే ఇంజనీరింగ్ ప్లాన్, ఆ లెక్కకు తగ్గట్టే డిస్క్ తయారవుతోందని చూపే మాన్యుఫాక్చరింగ్ ప్లాన్, వాడకంలో దాన్ని ఎలా చూసుకోవాలో చెప్పే సర్వీస్ మేనేజ్‌మెంట్ ప్లాన్.

ఈ మూడింట్లో ఏది తప్పినా మిగతా రెండూ కాపాడలేవు. 1996 జులై 6న అమెరికాలోని పెన్సకోలాలో డెల్టా ఎయిర్‌లైన్స్ ఎమ్‌డీ-88 విమానం టేకాఫ్ తీసుకుంటుండగా ఫ్యాన్ హబ్ (ఫ్యాన్ బ్లేడ్లను పట్టి ఉంచే డిస్క్) పగిలి ముక్కలు కేబిన్‌లోకి దూసుకొచ్చాయి. ఇద్దరు ప్రయాణికులు చనిపోయారు. ఆ హబ్ ఆయుష్షు ఇంకా చాలా మిగిలే ఉంది. తయారీలో ఒక బోల్టు రంధ్రం వేసేటప్పుడు లోహం దెబ్బతింది, అక్కడి నుంచి పగులు మొదలైంది. ఆయుష్షు అంకె వేసినప్పుడు ఆ రంధ్రం సరిగా ఉంటుందన్న నమ్మకం మీదే వేశారు.

మన దేశంలో ఈ వ్యవహారం విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చేతిలో ఉంటుంది. విమానం ఎగరడానికి యోగ్యంగా ఉంచే బాధ్యత డీజీసీఏ నిబంధనల్లో సీఏఆర్-ఎమ్ కింద, మరమ్మతు సంస్థల బాధ్యత సీఏఆర్-145 కింద, ఇంజనీర్ల లైసెన్సులు సీఏఆర్-66 కింద వస్తాయి. వీటి పైనున్న పాత 1934 చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఉద్యోగంలో రోజూ పట్టుకోవాల్సింది మాత్రం సీఏఆర్-ఎమ్, సీఏఆర్-145.

మెట్టు 1: లిమిట్ ఎక్కడి నుంచి తీసుకోవాలి

ఇంజిన్ మాన్యువల్‌లో 5వ అధ్యాయం తెరవండి. ఎయిర్‌వర్దినెస్ లిమిటేషన్స్ అనే భాగం అక్కడ ఉంటుంది. ఏ పార్ట్ నంబర్‌కు, ఏ ఇంజిన్ మోడల్‌లో, లిమిట్ (తీసేయాల్సిన గీత) ఎన్ని సైకిళ్లో అక్కడి పట్టికలో ఉంటుంది. దానికి నియంత్రణ సంస్థ ఆమోదం ఉంటుంది. మామూలు తనిఖీల గడువుల్లో కొన్నిటికి షరతులతో కాస్త వెసులుబాటు దొరుకుతుంది. ఈ పట్టికలోని అంకెను విమానయాన సంస్థ తనంతట తాను ఒక్క సైకిల్ కూడా పెంచుకోలేదు.

ఫైలులో ఎవరో టైప్ చేసి పెట్టిన లిమిట్‌ను నమ్మకండి. ఈ రోజు అమల్లో ఉన్న రివిజన్ తేదీ చూసి, పట్టికలో మీరే వెతికి రాసుకోండి. రివిజన్ మారినప్పుడు లిమిట్లు తగ్గవచ్చు, పెరగవచ్చు కూడా. నిరుడు సరైన అంకె ఈ ఏడాది తప్పు అంకె కావచ్చు.

మెట్టు 2: పార్ట్ నంబర్, సీరియల్ నంబర్

ఇది త్వరగా అయిపోతుంది గానీ వదిలేయడానికి లేదు. షాప్ ఇచ్చిన జాబితాలో ఉన్న నంబర్లు, రిలీజ్ సర్టిఫికెట్‌లో (భాగాన్ని వాడవచ్చని షాప్ సంతకం చేసి ఇచ్చే పత్రం) ఉన్నవి, డిస్క్ మీద చెక్కి ఉన్నవి మూడూ అక్షరం తేడా లేకుండా కలవాలి. పార్ట్ నంబర్ చివర డ్యాష్ తర్వాత వచ్చే అంకె మారితే లిమిట్ పూర్తిగా వేరే కావచ్చు. తయారీదారు పంపే సర్వీస్ బులెటిన్ ప్రకారం డిస్క్‌ను మార్పు చేస్తే సీరియల్ నంబర్ అదే ఉండి పార్ట్ నంబర్ మారిపోయే సందర్భాలు ఉంటాయి. అలాంటప్పుడు మార్పు జరిగిన రోజు, ఆ రోజుకు ఎన్ని సైకిళ్లు అయ్యాయో, ఎవరు చేశారో ఫైలులో ఉండి తీరాలి.

మెట్టు 3: సైకిల్ అంటే ఏమిటో ఆ మాన్యువల్‌నే అడగండి

మామూలుగా ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్ కలిపి ఒక సైకిల్. మధురపూడి నుంచి హైదరాబాద్ వెళ్లే ఏటీఆర్ గాలిలో గంట లోపో, కాస్త అటూ ఇటూగానో ఉంటుంది. అదీ ఒక సైకిలే. ముంబయి నుంచి లండన్ దాకా తొమ్మిది గంటలకు పైగా పోయే పెద్ద విమానానిదీ ఒక సైకిలే. ఏటీఆర్‌లో ఉండే పీడబ్ల్యూ127 ప్రొపెల్లర్ తిప్పే ఇంజిన్ అయినా లోపల ఉన్నది టర్బైనే, దాని రోటర్లకూ ఇవే నియమాలు.

రోజుకు 7 సార్లు ఎగిరి, ఏడాదిలో 350 రోజులు పనిచేసే విమానం ఉందనుకోండి. ఏడాదికి 2,450 సైకిళ్లు. 20,000 లిమిట్ ఉన్న డిస్క్ ఎనిమిదేళ్లు దాటీ దాటగానే అయిపోతుంది. మన డెల్టాలోని విమానాశ్రయాల నుంచి నడిచేలాంటి దగ్గరి రూట్లలో తిరిగే విమానాలకు గంటలు తక్కువ కనిపించి సైకిళ్లు ఎక్కువ పోగవుతాయి. గంటలు చూసి ఇంజిన్ ఇంకా కుర్రదే అనుకోవడం పెద్ద పొరపాటు.

శిక్షణ విమానాల్లో నేలను తాకి వెంటనే లేచే ల్యాండింగ్‌లను ఎలా లెక్కించాలో మాన్యువల్ చెబుతుంది. హెలికాప్టర్ల దగ్గర ఈ లెక్క ఇంకా చిక్కుగా ఉంటుంది. కృష్ణా గోదావరి బేసిన్ రిగ్గులకు సిబ్బందిని చేరవేసే రకం ప్రయాణాల్లో ఇంజిన్ ఆపకుండానే దిగడం, ఎక్కడం జరుగుతుంది. గ్యాస్ జనరేటర్ (ఇంజిన్‌లో కంప్రెసర్, దాన్ని తిప్పే టర్బైన్ ఉన్న భాగం) వేగం ఎంత వరకు పడి మళ్లీ ఎంతకు పెరిగిందో చూసి సైకిల్‌లో కొంత భాగంగా కట్టే సూత్రాలు చాలా హెలికాప్టర్ ఇంజిన్లకు ఉంటాయి. ఒకే ఇంజిన్‌లో ఒక్కో రోటర్‌కు ఒక్కో సూత్రం ఉండడం కూడా మామూలే. సొంత ఊహతో లెక్క వేయకండి.

మెట్టు 4: పుట్టినప్పటి నుంచి గొలుసు కట్టడం

అసలు పని ఇదే. రెండు రోజులు పట్టినా సరే తొందరపడకండి.

కోనసీమలో ఎకరం కొబ్బరి తోట కొనేవాళ్లు అమ్మేవాడి పేరున్న పాస్‌బుక్ ఒక్కటి చూసి డబ్బు కట్టరు. ముప్పై ఏళ్ల లింకు దస్తావేజులు, ఈసీ తెప్పించి, ఒక్కో చేయి మారిన చోటా తేదీ, సంతకం చూస్తారు. మధ్యలో ఒక్క లింకు లేకపోయినా బేరం ఆగిపోతుంది. డిస్క్ ఫైలును సరిగ్గా అలాగే చదవాలి. దీన్ని ఈ రంగంలో బ్యాక్ టు బర్త్ ట్రేసబిలిటీ అంటారు.

గొలుసులో ఉండాల్సిన కాగితాలు ఇవి. మొదటిది, తయారీదారు నుంచి డిస్క్ సున్నా సైకిళ్లతో బయటికి వచ్చినట్టు చూపే పత్రం. కొత్త ఇంజిన్‌తో పాటే వచ్చినదైతే ఇంజిన్ డెలివరీ పత్రాల్లో దాని సీరియల్ నంబర్ ఉంటుంది. తర్వాత, ఆ డిస్క్ తిరిగిన ప్రతి విమానయాన సంస్థా ఇచ్చిన స్టేట్‌మెంట్: ఏ ఇంజిన్‌లో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ థ్రస్ట్ రేటింగ్‌లో (ఇంజిన్‌ను ఎంత తోపు బలానికి అమర్చారో), ఎన్ని గంటలు, ఎన్ని సైకిళ్లు. ఆ పైన ప్రతి షాప్ విజిట్‌లో తీసిన, బిగించిన భాగాల జాబితా. చివరిగా, ప్రమాదానికి గురి కాలేదని, అగ్నిలోనూ అతి వేడిలోనూ పడలేదని, నీళ్లలో మునగలేదని ప్రతి సంస్థా ఇచ్చే ఇన్సిడెంట్ క్లియరెన్స్ స్టేట్‌మెంట్.

డీజీసీఏ సీఏ ఫారమ్ 1 గానీ, ఈఏఎస్ఏ ఫారమ్ 1 గానీ, ఎఫ్ఏఏ 8130-3 గానీ, ఇలాంటి రిలీజ్ సర్టిఫికెట్ చేతికి రాగానే కొందరు ఊపిరి పీల్చుకుంటారు. అది చాలదు. ఆ సర్టిఫికెట్ ఆ షాప్ ఆ రోజు చేసిన పనికి మాత్రమే పూచీ. 11వ గడిలో ఏం పని జరిగిందో, 12వ గడిలో రిమార్కులు ఏమున్నాయో చదవండి. తనిఖీ మాత్రమే చేశామన్న మాట అక్కడ ఉంటే, అంతకు ముందు అది ఎన్ని సైకిళ్లు తిరిగిందో ఆ సంతకం చెప్పడం లేదు.

పుట్టుక దాకా ప్రతి కాగితమూ ఉండాలని అన్ని దేశాల చట్టాల్లోనూ అక్షరాలా రాసి లేదు. ప్రస్తుతం ఎన్ని సైకిళ్లు అయ్యాయో నమ్మదగిన రికార్డులతో చూపగలగాలన్నదే చట్టం అడిగేది. కానీ మధ్యలో కాగితం లేని డిస్క్ ప్రస్తుత స్థితిని దేనితో చూపుతారు? అందుకే లీజు కంపెనీలు, కొనుగోలుదారులు పుట్టుక దాకా పట్టుబడతారు. అది అతి జాగ్రత్త అనేవాళ్లతో నేను ఏకీభవించను. లోహాన్ని ఎంత పరీక్షించినా అది ఎన్నిసార్లు టేకాఫ్ తీసుకుందో తెలియదు. ఆ సంగతి కాగితం మీద మాత్రమే ఉంటుంది.

గొలుసు చదివేటప్పుడు ఒక చిన్న పరీక్ష చేయండి. ఒక్కో సంస్థ దగ్గర గంటలను సైకిళ్లతో భాగించండి. దేశీయ రూట్లలో తిరిగే విమానానికి సైకిల్‌కు 1.4 గంటలు వస్తూ, మధ్యలో ఒక ఎనిమిది నెలలు మాత్రం 5 గంటలు వచ్చిందనుకోండి. విమానం దూర ప్రయాణాలకు మారి ఉండాలి, లేదా సైకిళ్లు తక్కువ రాసి ఉండాలి. ఏదైనా సరే, వివరణ కాగితం మీద రావాలి. అలాగే రెండు షాప్ విజిట్‌ల మధ్య ఏడాది గడిచినా 300 సైకిళ్లే కనిపిస్తే, మిగతా రోజులు ఇంజిన్ ఎక్కడ ఉందో అడగండి. స్టోరేజిలో ఉంటే స్టోరేజి రికార్డు ఉంటుంది. సున్నాలతో ముగిసే గుండ్రటి అంకెలు, వేర్వేరు ఏళ్ల పత్రాల్లో ఒకే అక్షరాల తీరు, తేదీ లేని సంతకాలు కూడా ఆగి చూడాల్సినవే.

మెట్టు 5: కూడికలు, తీసివేతలు

ఇంజిన్ సైకిళ్లు వేరు, భాగం సైకిళ్లు వేరు. ఇంజిన్ పుట్టినప్పటి నుంచి అందులోనే ఉన్న డిస్క్‌కు మాత్రమే రెండూ సమానం. మిగతావాటికి సూత్రం ఇది: బిగించిన రోజుకు భాగం సైకిళ్లు, దానికి ఇప్పటి ఇంజిన్ సైకిళ్ల నుంచి బిగించిన రోజు ఇంజిన్ సైకిళ్లు తీసేస్తే వచ్చేది కలపాలి.

ఊహించిన ఉదాహరణ చూద్దాం. ఇంజిన్ ఇప్పటికి 14,200 సైకిళ్లు తిరిగింది. 9,000 దగ్గర ఒక షాప్ విజిట్ అయింది.

ఫ్యాన్ డిస్క్ మొదటిదే. లిమిట్ 30,000. మిగిలినవి 15,800.

హై ప్రెషర్ కంప్రెసర్ స్పూల్ కూడా మొదటిదే. లిమిట్ 20,000. మిగిలినవి 5,800.

హై ప్రెషర్ టర్బైన్ డిస్క్‌ను 9,000 దగ్గర కొత్తది వేశారు. లిమిట్ 20,000. తిరిగినవి 5,200, మిగిలినవి 14,800.

లో ప్రెషర్ టర్బైన్ డిస్క్‌ను అదే విజిట్‌లో వాడినది వేశారు. అప్పటికే అది వేరే ఇంజిన్‌లో 6,300 తిరిగింది. దానికి 5,200 కలిపితే 11,500. లిమిట్ 25,000 కాబట్టి మిగిలినవి 13,500.

ఇంజిన్ మొత్తానికి ఆగాల్సిన చోటు వీటిలో అతి తక్కువది, అంటే 5,800. నాలుగో భాగం దగ్గర 6,300 మర్చిపోయి 5,200 మాత్రమే రాసేవాళ్లు ఉంటారు. అప్పుడు కాగితం మీద ఆ డిస్క్‌కు లేని ఆయుష్షు 6,300 సైకిళ్లు వచ్చి చేరుతుంది. వాడిన భాగం కనిపించిన ప్రతి చోటా రెండోసారి లెక్క వేయండి. వీలైతే వేరే మనిషితో వేయించండి.

మెట్టు 6: థ్రస్ట్ రేటింగ్ మారితే

ఒకే ఇంజిన్‌ను తక్కువ థ్రస్ట్‌తో ఒక విమానంలో, ఎక్కువ థ్రస్ట్‌తో ఇంకో విమానంలో వాడతారు. థ్రస్ట్ పెరిగితే వేగం, వేడి పెరుగుతాయి, చాలా డిస్కులకు లిమిట్ తగ్గుతుంది. అప్పుడు సైకిళ్లను నేరుగా కూడితే తప్పవుతుంది. ఎంత శాతం వాడారో కూడాలి.

ఒక డిస్క్‌కు తక్కువ రేటింగ్‌లో 20,000, ఎక్కువ రేటింగ్‌లో 16,000 లిమిట్ అనుకుందాం. తక్కువ దాంట్లో 8,000 తిరిగింది, అంటే 40 శాతం. ఎక్కువ దాంట్లో 4,000 తిరిగింది, అంటే 25 శాతం. మొత్తం 65 శాతం అయిపోయింది, 35 శాతం మిగిలింది. ఇక ముందు తక్కువ రేటింగ్‌లోనే తిప్పితే 7,000, ఎక్కువ రేటింగ్‌లో తిప్పితే 5,600 సైకిళ్లు వస్తాయి. రేటింగ్ ఏ రోజు మారిందో, ఆ రోజు సైకిళ్లెన్నో రికార్డులో లేకపోతే ఈ లెక్క వేయడానికే వీల్లేదు. కొన్ని ఇంజిన్లకు తయారీదారు వేరే పద్ధతి చెబుతాడు, అక్కడ 5వ అధ్యాయం మాటే చెల్లుతుంది.

మెట్టు 7: ఏడీలు, బులెటిన్లు

డిస్క్ సగం ఆయుష్షులో ఉండగా ఏదో లోపం బయటపడి, నియంత్రణ సంస్థ ఎయిర్‌వర్దినెస్ డైరెక్టివ్ (ఏడీ), అంటే తప్పనిసరి ఆదేశం, ఇవ్వవచ్చు. అది ఒకేసారి లిమిట్ తగ్గించవచ్చు, కొన్ని సీరియల్ నంబర్లను వెంటనే తీసేయమనవచ్చు, అదనపు తనిఖీ పెట్టవచ్చు. కాబట్టి మీ ఫైలులోని ప్రతి సీరియల్ నంబర్‌నూ ఏడీల్లో ఉన్న జాబితాలతో పోల్చాలి.

దీనికి మన దేశం బాగా చూసిన ఉదాహరణ ఉంది. ప్రాట్ అండ్ విట్నీ పీడబ్ల్యూ1100జీ ఇంజిన్లలో 2015 చివరి నుంచి 2021 దాకా తయారైన కొన్ని టర్బైన్, కంప్రెసర్ డిస్కుల తయారీకి వాడిన లోహపు పొడిలో మలినాలు ఉన్నాయని 2023లో కంపెనీ ప్రకటించింది. ఆయుష్షు ఇంకా ఎంతో మిగిలిన డిస్కులను కూడా అల్ట్రాసోనిక్ పద్ధతిలో పరీక్షించాల్సి వచ్చింది, చాలావాటిని ముందే మార్చాల్సి వచ్చింది. ఇండిగో విమానాలు పదుల సంఖ్యలో నేల మీద ఉండిపోయాయి. టికెట్ల ధరలు, రద్దయిన విమానాలు అందరికీ గుర్తుంటాయి. ఆ రోజుల్లో రికార్డ్స్ విభాగాల్లో టెన్షన్ అంతా ఏ సీరియల్ నంబర్ ఏ ఇంజిన్‌లో, ఏ రెక్క కింద ఉందో తక్షణం చెప్పగలగడమే. ఫైళ్లు సరిగా ఉన్నచోట గంటల్లో తేలింది.

మెట్టు 8: తనిఖీ నివేదికలు చదవడం

లిమిట్ లోపల ఉంటే చాలనుకోకూడదు అనడానికి 1989 జులై 19న అమెరికాలోని సూ సిటీలో జరిగిన ప్రమాదం గురించి చదవాలి. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 232 విమానం, డీసీ-10. తోకలోని ఇంజిన్ ఫ్యాన్ డిస్క్ గాలిలో పగిలింది. ముక్కలు మూడు హైడ్రాలిక్ వ్యవస్థలనూ తెంచేశాయి. విమానంలో ఉన్న 296 మందిలో 112 మంది చనిపోయారు. డిస్క్ లిమిట్ 18,000 సైకిళ్లు, అది తిరిగినవి 15,503. టైటానియంను కరిగించేటప్పుడు లోపల ఏర్పడిన గట్టి నత్రజని మలినం దగ్గర పగులు మొదలై ఏళ్ల తరబడి పెరిగింది. ఇంకా బాధ కలిగించే సంగతి, ప్రమాదానికి 760 సైకిళ్ల ముందు ఆ డిస్క్‌ను ఫ్లోరోసెంట్ పెనిట్రెంట్‌తో (పగుళ్లలోకి ఇంకి మెరిసే ద్రవం) తనిఖీ చేశారు. అప్పటికే పగులు కనిపించగల సైజులో ఉందని, అయినా దొరకలేదని దర్యాప్తులో తేలింది.

2016 అక్టోబర్ 28న షికాగోలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 383 విమానం టేకాఫ్ తీసుకుంటుండగా టర్బైన్ డిస్క్ పగిలింది. 15,000 లిమిట్‌లో 10,984 దగ్గర. అక్కడ మలినం నికెల్ మిశ్రమ లోహం లోపల ఉంది. ఒక ముక్క దాదాపు 900 మీటర్ల అవతల ఉన్న గిడ్డంగి పైకప్పును చీల్చుకుని లోపల పడింది. విమానం ఇంకా నేల మీదే ఉండడం వల్ల అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

అందుకే ఇంజిన్ విప్పి డిస్క్ విడిగా చేతికొచ్చిన ప్రతిసారీ పెనిట్రెంట్, ఎడ్డీ కరెంట్ (లోహంలో విద్యుత్ ప్రవాహంతో పగులు పట్టే పద్ధతి), కొన్ని చోట్ల అల్ట్రాసోనిక్ తనిఖీలు తప్పనిసరి చేశారు. ఫైలులో చూడాల్సింది: ఏ పద్ధతి, డిస్క్‌లో ఏ ప్రాంతం, ఏ రివిజన్ ప్రకారం, చేసినవాళ్ల అర్హత స్థాయి ఏమిటి, ఆ అర్హత ఆ తేదీకి అమల్లో ఉందా. బోల్టు రంధ్రాలకు ఎడ్డీ కరెంట్ చేయాలని ఉండి, రిపోర్టులో పెనిట్రెంట్ ఒక్కటే ఉంటే ఆ పని జరగలేదనే లెక్క.

మెట్టు 9: స్టోరేజి, ఉప్పు గాలి

అంతర్వేది నుంచి కాకినాడ దాకా సముద్రం పక్కన ఇనుప గేటు ఎంత త్వరగా తుప్పు పడుతుందో మన వాళ్లకు చెప్పక్కర్లేదు. తీరంలో పనిచేసే ఇంజిన్లకు, తేమ గాలిలో నిలవ ఉన్న ఇంజిన్లకు ప్రిజర్వేషన్ రికార్డు జాగ్రత్తగా చూడండి. ఆయిల్‌తో లోపలి భాగాలను కాపాడిన తేదీ, తేమ పీల్చే సంచులు మార్చిన తేదీలు, తేమ సూచిక చదివిన రోజులు ఉండాలి. లోహం మీద తుప్పు వల్ల పడిన చిన్న గుంట పగులుకు మొదలు కాగలదు. ఎగరని నెలల్లో సైకిళ్లు పెరగవు, కానీ డిస్క్ మాత్రం అలాగే ఉండిపోదు.

మెట్టు 10: ఖాళీ దొరికితే

గొలుసులో లింకు లేకపోతే ముందు ఆ భాగాన్ని సర్వీసబుల్ స్టోర్ (వాడకానికి సిద్ధంగా ఉన్న భాగాల గది) నుంచి వేరు చేసి, ట్యాగ్ కట్టి, తాళం ఉన్న క్వారంటైన్ గదిలో పెట్టించండి. తర్వాత రాతపూర్వకంగా పాత సంస్థను అడగండి. అది మూతపడి ఉంటే ఆ కాలంలో ఇంజిన్ చూసిన షాప్‌ను, తయారీదారును అడగండి. షాపుల దగ్గర పాత ఫైళ్లు దొరకడం అరుదేమీ కాదు. ఫోన్‌లో చెప్పిన అంకెను ఫైలులో రాయకండి. "పోనీలెండి, మనవాళ్లే కదా, రేపు పంపుతారు" అని పెద్దవాళ్లే అన్నా, కాగితం వచ్చే దాకా ట్యాగ్ విప్పకండి. మర్యాదగా చెప్పండి, గట్టిగా చెప్పండి. కొత్తగా చేరినవాళ్లకు ఇది కష్టమని తెలుసు. అందుకే మాటల్లో కాకుండా ఈమెయిల్‌లో చెప్పండి, క్వాలిటీ విభాగానికి కాపీ పెట్టండి.

కాగితమే దొంగదని అనుమానం వస్తే దారి వేరు. 2023లో లండన్ కేంద్రంగా ఉన్న ఏఓజీ టెక్నిక్స్ అనే వ్యాపార సంస్థ సిఎఫ్ఎమ్56 భాగాలను దొంగ సర్టిఫికెట్లతో అమ్మిందని బయటపడింది. వాటిలో ఎక్కువ భాగం చిన్న భాగాలే, అయినా ప్రపంచమంతా ఇంజిన్లు విప్పి వెతకాల్సి వచ్చింది. సర్టిఫికెట్ మీదున్న సంస్థకు నేరుగా రాసి, ఈ నంబర్‌తో ఇది మీరిచ్చినదేనా అని అడగడమే ఆ మోసాన్ని బయటపెట్టింది. ఆ అడిగే పనికి ఒక్క ఈమెయిల్ చాలు. అది దొంగదని తేలితే ఆ విషయం డీజీసీఏకు తెలియజేయాలి, అమ్మినవాడికి భాగం తిరిగి పంపేయకూడదు. పంపేస్తే అది ఇంకొకరి ఇంజిన్‌లోకి వెళుతుంది.

మెట్టు 11: స్క్రాప్

లిమిట్ నిండిన డిస్క్, గొలుసు తెగిపోయి ఇక కలపలేని డిస్క్ మళ్లీ విమానంలోకి వెళ్లకుండా చేయాలి. అమెరికా నిబంధన 43.10 దీనికి పద్ధతులు చెబుతుంది: రికార్డులో స్థితి రాసి ఉంచడం, ట్యాగ్ కట్టడం, చెరగని గుర్తు వేయడం, విడిగా ఉంచడం, లేదా మళ్లీ వాడలేనట్టు ముక్కలు చేయడం. ఆయుష్షు పూర్తిగా తీరినవాటికి ముక్కలు చేయడమే సరైనదని నా అభిప్రాయం. ఎర్ర పెయింట్ పూయడం, అంచున రంధ్రం వేయడం చాలవు. వాటిని పూడ్చి, పాలిష్ పట్టి అమ్మేవాళ్లున్నారు. బ్లేడ్ గాడులు, బోల్టు రంధ్రాల వరస, మధ్య రంధ్రం మూడూ తెగిపోయేలా కోయించండి. పార్ట్ నంబర్, సీరియల్ నంబర్ చెక్కి ఉన్న ముక్కను విడిగా పాడు చేయించండి. కోసే ముందు ఆ నంబర్లు కనిపించేలా ఒక ఫొటో, కోశాక ఒక ఫొటో తీయించండి. తేదీ, సాక్షి సంతకం, చివరి సైకిళ్లు రిజిస్టర్‌లో ఎక్కాలి. ఇనుప సామాను కొనేవాడు లారీ తెచ్చేది ఆ సంతకాలు అయ్యాకే. ఒరిజినల్ ఫైలును మాత్రం పారేయకండి. అదే సీరియల్ నంబర్ పేరుతో రేపు ఇంకెక్కడో ఒక డిస్క్ అమ్మకానికి వస్తే, అది దొంగదని నిరూపించేది మీ దగ్గరున్న ఆ ఫైలే.